హైదరాబాద్‌లో కుటుంబాలతో క్రిస్మస్ ఓరియంటీరింగ్ ఎలా జరపాలి?

మీరు అడిగినది నాకు అర్థమైనంతలో ఇది. మీరు మేడ్చల్ వైపు ఉంటారు. మీ చర్చి సంఘంవాళ్ళూ అపార్ట్‌మెంట్‌వాళ్ళూ కలిపి 40 కుటుంబాల దాకా వస్తారు. ఏటా సెమీ క్రిస్మస్ అంటే షామియానా, మైకు, బిర్యానీ. ఈసారి పిల్లలూ పెద్దలూ కలిసి చెట్ల మధ్య ఓరియంటీరింగ్, అంటే పటం చూసి చోట్లు కనుక్కునే ఆట, ఆడితే బాగుంటుందని మీ ఆలోచన. కానీ పటం చదవడం ఎవరికీ రాదు. మూడేళ్ళ పిల్లలున్నారు, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మలున్నారు, పాముల భయం ఉంది. ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి, ఖర్చు ఎంత అని అడిగారు.

తప్పకుండా పెట్టండి. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో పటం చదవడం నేర్చుకున్నాను. పన్నెండేళ్ళుగా హైదరాబాద్ చుట్టుపక్కల బడిపిల్లల చేత, కుటుంబాల చేత ఈ ఆట ఆడిస్తున్నాను. అసలు మాట ముందే చెబుతాను, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది: పటంలో ఉన్నది నేలమీద ఉండాలి, ఆ పటం పిల్లల చేతిలో ఉండాలి. ఈ రెండూ కుదిరితే అలంకరణ తక్కువైనా, కేకు ఆలస్యంగా వచ్చినా పిల్లలు ఆ పూటను ఏళ్ళ తరబడి చెప్పుకుంటారు. ఏ ఒక్కటి తప్పినా అది మామూలు పిక్నిక్ అయిపోతుంది.

మీ సంఘంలో చెప్పడానికి ఆట పుట్టుక కొంచెం తెలిసి ఉంటే మంచిది. ఓరియంటీరింగ్ అనే మాట 1886లో స్వీడన్ సైనిక శిక్షణలో పుట్టింది. తెలియని నేలమీద పటం, దిక్సూచి పట్టుకుని దారి కనుక్కోవడం అని దాని అర్థం. మామూలు జనం పాల్గొన్న మొదటి పోటీ 1897లో నార్వేలో ఓస్లో దగ్గర జరిగింది. స్వీడన్‌లో మేజర్ ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే స్కౌట్ నాయకుడు 1919లో స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద పోటీ పెట్టి దీన్ని కుర్రకారు ఆటగా మార్చాడు. అంతర్జాతీయ సమాఖ్య 1961లో ఏర్పడింది. ఆట మాత్రం అప్పటికీ ఇప్పటికీ ఒకటే. పటంలో గుండ్రని గీత ఉన్నచోట నేలమీద నారింజ, తెలుపు రంగుల జెండా వేలాడుతుంది. దాన్ని కంట్రోల్ అంటారు. అక్కడికి ఏ దారిన వెళ్ళాలో ఎవరూ చెప్పరు. ఆ నిర్ణయం మీదే, ఆట అంతా ఆ నిర్ణయంలోనే ఉంది.

ఇక చోటు. అడవి అనగానే హైదరాబాద్‌లో అందరికీ గుర్తొచ్చేవి జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గర మృగవని, వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి. ఈ మూడూ జాతీయ ఉద్యానవనాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. నడకదారి దాటి పొదల్లోకి వెళ్ళడం అక్కడ కుదరదు, కుదరకూడదు కూడా. ఊరి నడుమ నెమళ్ళకు మిగిలిన కొద్ది చోట్లలో అవీ ఉన్నాయి. వాటిని ఈ ఆటకు తలచుకోవద్దు. మీకు కావలసింది అటవీ శాఖ ప్రజల కోసం తెరిచిన పట్టణ అటవీ పార్కు. మీ వైపు కండ్లకోయలో ఉంది, ఉప్పల్ దాటితే నారపల్లిలో ఉంది. కొత్తగూడ బొటానికల్ గార్డెన్ కూడా పెద్దదే. ఏ పార్కు ఎవరి అధీనంలో ఉందో గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటుంది. ఆ కార్యాలయానికి వెళ్ళి కనీసం ఆరు వారాల ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ఏమేమి కడతారు, ఎప్పుడు విప్పుతారు, చెత్త ఎవరు తీస్తారు, ఇవన్నీ ఆ ఉత్తరంలోనే రాయండి. మైకు, బాణసంచా, మంటలు, బెలూన్లు ఉండవని స్పష్టంగా రాస్తే సగం పని అయినట్టే. అనుమతి రాకపోతే దిగులు పడవద్దు. చెట్లు బాగా ఉన్న కాలేజీ ఆవరణ గానీ, ట్యాంక్‌బండ్ కింద ఇందిరా పార్కు గానీ మొదటిసారికి చక్కగా సరిపోతుంది.

తేదీ విషయంలో నా సలహా డిసెంబరు 26. ఇరవై ఐదున ఆరాధన, చుట్టాలు, వంటలు. ఆ రోజు ఎవరినీ కదిలించలేరు. తెలంగాణలో మరుసటి రోజు కూడా ప్రభుత్వ సెలవే. పైగా పండుగ హడావిడి తీరి, ఇంట్లో అరిసెలూ గులాబీ పువ్వులూ డబ్బాల్లో మిగిలి ఉండే రోజు అది. కుటుంబాలు తీరికగా వస్తాయి. సూర్యోదయం ఆరూ నలభై దాటాక అవుతుంది. పొద్దున చలిగా ఉన్నా పదకొండుకల్లా ఎండ చురుక్కుమంటుంది. ఎనిమిదిన్నరకు చేరుకోవడం, తొమ్మిదికి ఆట మొదలు, పదకొండుకు అందరూ వెనక్కి. నేను పాటించే వేళ ఇదే.

ఇప్పుడు పటం. ఇక్కడ కొంచెం ఓపికగా చదవండి.

మొదటి ఏడాది నేను ఉపగ్రహ చిత్రం ముద్రించి, దాని మీద గుండ్రాలు గీసి పంచాను. ఆటకు ముందురోజు సాయంత్రం జెండాలు కట్టడానికి వెళ్ళినప్పుడు కాపలాదారు చూసి, “ఈ రెండు జెండాల మధ్య పాడుబడ్డ బావి ఉంది సార్” అన్నాడు. వెళ్ళి చూస్తే పొదలు పూర్తిగా కమ్మేసిన దిగుడుబావి. గట్టు లేదు. పైనుంచి తీసిన ఫొటోలో అది పచ్చని మచ్చ, అంతే. పిల్లలు సరిగ్గా దాని మీదుగా అడ్డదారి తీసేవారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి నేలంతా నా కాళ్ళతో తిరగకుండా ఒక్క గుండ్రం కూడా గీయలేదు. మీరూ గీయకండి. హైదరాబాద్ శివార్లలో పాత బావులు, రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీ గుంతలు పాముల కన్నా పెద్ద ప్రమాదం. పార్కులో పనిచేసేవాళ్ళను వెంటబెట్టుకుని తిరగండి. పదేళ్ళుగా అక్కడ నడిచిన మనిషికి తెలిసినది ఏ ఉపగ్రహానికీ తెలియదు.

పని ఇలా మొదలుపెట్టండి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత ఆన్‌లైన్ పటంలో మీ పార్కు దారులు, గోడ, చెరువు చాలావరకు ఉంటాయి. ఓపెన్‌ఓరియంటీరింగ్‌మ్యాప్ అనే ఉచిత వెబ్‌సైటు ఆ సమాచారాన్నే ఓరియంటీరింగ్ రంగుల్లో ఇస్తుంది. దాన్ని ముద్రించుకుని అట్టకు బిగించి, పెన్సిలుతో పార్కులోకి వెళ్ళండి. లేనివి చేర్చండి, తప్పులు కొట్టేయండి. తర్వాత ఓపెన్‌ఓరియంటీరింగ్ మ్యాపర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో శుభ్రంగా గీయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది కాబట్టి నడుస్తూనే గీయవచ్చు. గుండ్రాలు, అంకెలు వేయడానికి పర్పుల్ పెన్ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కంప్యూటర్ తెలిసిన ఇంటర్ పిల్లలు ఇద్దరుంటే మూడు ఆదివారాల్లో అయిపోయే పని. నిజానికి ఈ పని కుర్రవాళ్ళకే అప్పజెప్పండి. పటం గీసినవాళ్ళు ఆ అడవిని జీవితాంతం గుర్తుంచుకుంటారు.

కొలత 1:4000 పెట్టండి. పటం మీద ఒక సెంటీమీటరు అంటే నేల మీద 40 మీటర్లు. ఏ4 కాగితం మీద అంచులు పోను దాదాపు 700 మీటర్ల వెడల్పు, కిలోమీటరు పొడవు పడుతుంది. మీ కార్యక్రమానికి అంతకన్నా అక్కర్లేదు. రెండున్నర సెంటీమీటర్లు వంద మీటర్లని పిల్లలకు చెప్పండి. వంద మీటర్లకు తమకు ఎన్ని అడుగులు పడతాయో మొదలుపెట్టే చోటే కొలిపించండి. పెద్దవాళ్ళకు కుడికాలు పడిన లెక్కన అరవైకి కాస్త అటూ ఇటూ వస్తుంది, పిల్లలకు ఇంకా ఎక్కువ. ఆ అంకె చేతి మీద పెన్నుతో రాసుకుని పరుగెత్తే పిల్లలను చూస్తే మీకే ముచ్చటేస్తుంది.

రంగుల దగ్గర కొత్తవాళ్ళందరూ ఒకేచోట తడబడతారు. ఓరియంటీరింగ్ పటంలో తెలుపు అంటే ఖాళీ స్థలం కాదు, చెట్ల కింద హాయిగా నడవగల అడవి. ఖాళీ మైదానానికి పసుపు. ఆకుపచ్చ అంటే దూరడానికి కష్టమైన పొదలు. ఎంత ముదురు పచ్చ అయితే అంత కష్టం. అడవే ఎక్కువగా ఉన్న ఉత్తర దేశాల్లో పుట్టిన ఆట కాబట్టి కాగితం రంగును అడవికే ఇచ్చేశారు. మన దగ్గర వరుసగా నాటిన నీలగిరి తోట తెలుపు, తుమ్మలూ లంటానా అల్లుకున్న చోటు ముదురు పచ్చ. నీలం నీళ్ళు, గోధుమ రంగు ఎత్తుపల్లాలు, నలుపు రాళ్ళు, దారులు, గోడలు. ఇది చెప్పకపోతే నాన్నలందరూ పచ్చరంగు చూసి “ఇదే అడవి” అనుకుని పిల్లలను ముళ్ళలోకి తీసుకెళ్తారు. ఆట మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు దీనికే కేటాయించండి.

రాళ్ళ విషయంలో మనం అదృష్టవంతులం. ఈ ఊరి గ్రానైటు 250 కోట్ల ఏళ్ళ నాటిది. గాలికీ వానకూ అరిగి గుండ్రని గుండ్లుగా, ఒకదానిపై ఒకటి పేర్చినట్టు నిలిచి ఉంటుంది. పటంలో ఒంటరి గుండుకు నల్లచుక్క. దూరం నుంచి కనబడుతుంది, ఎవరూ కదిలించలేరు, రెండు గుండ్లు ఒకే రూపంలో ఉండవు. జెండా కట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తు ఉండదు. పుట్టల మీద మాత్రం ఎప్పుడూ కట్టవద్దు. పాము ఉండవచ్చన్నది ఒక కారణం. నాగుల చవితికి పాలు పోసి, పసుపు కుంకుమ పెట్టుకున్న చోట మన ఆట జెండా కట్టడం మర్యాద కాదన్నది రెండోది. అలాగే ఏ చెట్టుకైనా, బండకైనా తేనెపట్టు ఉంటే దాని చుట్టూ వంద మీటర్ల వరకు ఒక్క జెండా కూడా పెట్టకండి.

పటం చదవడం ఎవరికీ రాదని మీరు రాశారు. ఆ మాట నేను ఒప్పుకోను. తెలుగు ఇళ్ళలో ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయువ్యం తెలియనివాళ్ళు ఎంతమంది? వంటిల్లు ఏ మూల, నీళ్ళ తొట్టి ఏ మూల అని చిన్నప్పటినుంచీ వింటూనే ఉంటాం. ఓరియంటీరింగ్‌కు సరిగ్గా అదే కావాలి. జెండా ఎక్కడుందో చెప్పే చీటీలో “గుండు, నైరుతి వైపు”, “గోడ మలుపు, ఈశాన్య మూల” అనే రాస్తారు. అంతర్జాతీయ పోటీల్లో దీనికి బొమ్మ గుర్తులు వాడతారు. మీరు తెలుగులో రాయండి చాలు.

మూడేళ్ళ కిందట జరిగిన సంగతి చెబుతాను. తొమ్మిదేళ్ళ పాప, వాళ్ళ నాన్న, జనగామ దగ్గరి పల్లె నుంచి పండుగకు వచ్చిన నానమ్మ ఒక జట్టు. వాళ్ళకు పడిన కంట్రోల్ “గుండు, నైరుతి వైపు”. లారీ అంత గుండు అది. వీళ్ళు వచ్చినవైపు నుంచి జెండా కనబడదు. నాన్న జేబులోంచి ఫోను తీసి దిక్సూచి యాప్ కోసం వెతకడం మొదలుపెట్టాడు. నానమ్మ పటం చూడనే లేదు. కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయింది. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఒకసారి ఎండ వంక చూసి, పాపతో అంది: “ఈ నెలలో పొద్దు నేరుగా తూర్పున ఉండదు తల్లీ, ఆగ్నేయానికి జరిగి ఉంటుంది. పొద్దుకు ఎదురుగా నిలబడు. ఇప్పుడు నీ కుడిచెయ్యి చాపు. అదే నైరుతి.” పాప కుడిచెయ్యి చాపుకునే అలాగే గుండు చుట్టూ పరుగెత్తింది. జెండా అక్కడే ఉంది. అప్పుడు టైము తొమ్మిదిన్నర. డిసెంబరు చివర్లో ఆ వేళకు హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా ఆగ్నేయంలో ఉంటాడని నేను ఇంటికొచ్చి లెక్కవేసి చూసుకున్నాను. ఆవిడ ఏ లెక్కా వేయలేదు. ఏళ్ళ తరబడి పొలం గట్టు మీద నిలబడి చూసిన చూపు అది. మీ అమ్మమ్మలను కేకుల బల్ల దగ్గర కుర్చీల్లో కూర్చోబెట్టకండి, జట్టులో వేయండి. నడవలేనివాళ్ళుంటే పెద్ద దారి మీదనే దొరికే నాలుగైదు కంట్రోళ్ళు ఉండేలా చూడండి.

ఫోన్లు సంచిలోనే ఉండాలని అందరికీ ముందే చెప్పండి. చుక్క కదులుతూ “నువ్వు ఇక్కడున్నావు” అని చూపిస్తే ఇక ఆట ఏముంది? ఆపద వస్తే తీయడానికి జట్టుకు ఒకటి చాలు. నిర్వాహకుల నంబరు పటం మీదే ముద్రించండి. దిక్సూచులు పది పన్నెండు ఉన్నా సరిపోతుంది. అసలు మెలకువ ఏమిటంటే పటాన్ని నేలకు తగ్గట్టు తిప్పి పట్టుకోవడం. ఎదురుగా గోడ ఉంటే పటంలోనూ గోడ ఎదురుగానే ఉండాలి. అక్షరాలు తలకిందులైనా ఫరవాలేదు. పెద్దవాళ్ళకు అక్షరాలు తిన్నగా ఉండాలనే పట్టింపు ఎక్కువ, పిల్లలు హాయిగా తిప్పేస్తారు. తామున్న చోట బొటనవేలు ఆనించి, నడిచినకొద్దీ వేలు జరుపుకుంటూ పోతే దారి తప్పడం చాలా అరుదు.

పటం పిల్లల చేతిలో ఉండాలని మొదట అన్నాను. ఇది నియమంగా పెట్టండి: పన్నెండేళ్ళ లోపు పిల్లలున్న జట్టులో పెద్దలు పటం పట్టుకోకూడదు. అడిగితే సాయం చేయవచ్చు, వెంట నడవవచ్చు. పిల్ల తప్పు దారి ఎన్నుకుంటే యాభై అడుగులు ఆ తప్పులోనే ఆమెతో నడవండి. దారి చెరువు దగ్గర ఆగిపోయినప్పుడు తనే పటం చూసి, “మనం ఆ మలుపు దగ్గర కుడికి పోవాల్సింది నాన్నా” అంటుంది. ఆ మాట వినడానికే నేను ఏటా ఈ శ్రమ పడుతున్నాను.

ఆట ఎలా నడపాలంటే, వరుసగా ఒకటి, రెండు, మూడు అని తిరిగే పద్ధతి కన్నా స్కోరు పద్ధతి మీకు నయం. 12 కంట్రోళ్ళు, గంట సమయం, ఇష్టమైన వరుస. దగ్గరివి పది పాయింట్లు, మధ్యవి ఇరవై, గోడ అంచున ఉన్నవి ముప్ఫై. ఆలస్యమైతే నిమిషానికి ఐదు తగ్గించండి. లేకపోతే ఎవరూ వెనక్కి రారు. నలభై జట్లను ఒకేసారి వదిలితే అందరూ ముందున్నవాడి వెంట పడతారు. మూడు నిమిషాలకు నాలుగు జట్ల చొప్పున వదలండి. అరగంట లోపే అందరూ అడవిలో ఉంటారు.

జెండాలను దాచకండి. మొదటిసారి పెట్టేవాళ్ళు చేసే పెద్ద తప్పు ఇదే. నిధి వేట అనుకుని పొద లోపల, కొమ్మ పైన కడతారు. వెతకవలసింది చోటును, జెండాను కాదు. సరైన గుండు దగ్గరకు చేరిన పిల్లకు గుండు పక్కకు తిరగగానే జెండా కనబడాలి, నేల నుంచి మూడడుగుల ఎత్తులో. జెండా కొలత 30 సెంటీమీటర్ల చదరం, మూలకు మూల అడ్డగీత గీసినట్టు సగం తెలుపు, సగం నారింజ. అలాంటివి మూడు కలిపి కుడితే ఏ వైపు నుంచి చూసినా కనబడుతుంది. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో గుడ్డ కొని దర్జీకి ఇస్తే ఒక్కరోజు పని. ఏళ్ళ తరబడి వాడుకోవచ్చు. వచ్చినట్టు రుజువుకు ప్రతి జెండాకూ ఒక్కో రంగు క్రేయాను దారంతో కట్టండి, జట్టు తమ చీటీలో ఆ రంగు గీత గీస్తుంది. తినేవి మాత్రం అక్కడ ఏవీ కట్టకండి. ఒక ఏడాది ఆరు జెండాలకు చాక్లెట్ల సంచులు కట్టాం. పిల్లల కన్నా ముందు కోతులు వచ్చాయి. జెండాలు కూడా చింపేశాయి. బహుమతి ఏదైనా చివర్లో, గేటు దగ్గర ఇవ్వండి.

క్రిస్మస్ సంగతి. నక్షత్రాలు, టోపీలు, తాత వేషం అన్నీ ఉండనివ్వండి, కానీ పండుగ ఆటలోకే రావాలి. నేను చేసేది ఇది: దగ్గరి ఎనిమిది కంట్రోళ్ళలో ఒక్కో తెలుగు అక్షరం రాసిపెడతాను. శ, లు, ర్పు, జ్ఞా, తూ, పు, ను, దే. తిరిగి వచ్చాక కుటుంబమంతా గడ్డిలో కూర్చుని వాటిని పేర్చుకోవాలి. “ర్పు”తో ఏ మాటా మొదలవదని ఒకరు పట్టుకుంటారు. “లు” చివర రావాలని ఇంకొకరు అంటారు. జ్ఞా చూడగానే పెద్దవాళ్ళకు వెలుగుతుంది: తూర్పు దేశపు జ్ఞానులు. పటం లేకుండా నక్షత్రాన్ని చూసి నడిచినవాళ్ళ కథకు ఇంతకన్నా తగిన ఆట నాకు తోచలేదు. మూడు కంట్రోళ్ళ దగ్గర బంగారం, సాంబ్రాణి, బోళం బొమ్మలు పెట్టి, మూడూ చూసిన జట్టుకు అదనపు పాయింట్లు ఇవ్వవచ్చు. ఇతర మతాల ఇరుగుపొరుగు పిల్లలు కూడా ఈ అక్షరాల ఆటలో ఉత్సాహంగా కలుస్తారు. ఆ కథ తెలియని పిల్లకు పక్క జట్టు పిల్ల చెబుతూ ఉండగా విన్నాను.

క్రిస్మస్ తాతను కదిలే కంట్రోల్‌గా పెట్టండి. పెద్ద దారి మీద మెల్లగా తిరుగుతూ ఉంటాడు, ఎదురుపడిన జట్టుకు ఇరవై పాయింట్లు. ఆ దుస్తుల్లో మన ఎండకు గంట దాటి ఉండలేరు, కాబట్టి ఇద్దరిని సిద్ధం చేసి మార్చండి, మంచినీళ్ళు ఇవ్వండి. పాటలు కావాలంటే ఒక కంట్రోల్ దగ్గర ఇద్దరు ముగ్గురు గిటారుతో, మైకు లేకుండా, మెల్లగా పాడితే చాలు. పాట వినబడే వైపు నడిచి దారి కనుక్కోవడం పసివాళ్ళకు ఎంతో ఇష్టం. మరీ చిన్నవాళ్ళకు, అంటే మీరు రాసిన మూడేళ్ళవాళ్ళకు, ఉత్తర ఐరోపా పోటీల్లో ఒక చక్కని ఏర్పాటు ఉంటుంది. చెట్టు నుంచి చెట్టుకు నడుము ఎత్తులో తాడు కడతారు. పిల్లలు తాడు పట్టుకుని నడుస్తూ దారిలో బొమ్మలు వెతుక్కుంటారు. గొర్రె, గాడిద, ఒంటె, గొల్లవాడు, దేవదూత, చివర పశువుల తొట్టి. గేటు దగ్గరి చెట్ల మధ్య 100 మీటర్ల తాడు వేస్తే అమ్మలు కనుచూపు మేరలోనే ఉంటారు. మెరుపు పొడి, థర్మోకోల్, ప్లాస్టిక్ రిబ్బన్లు అడవిలోకి తీసుకురాకండి. కాగితం, గుడ్డ, కొబ్బరి తాడు. అన్నీ వెనక్కి వచ్చేవే తెండి.

పాముల భయం గురించి. అవి ఉంటాయి. రక్తపింజరి, నాగుపాము, కట్లపాము మూడూ మన శివార్లలో ఉన్నవే. పాముల్లో కొన్ని చలి పొద్దున ఎండ కాచుకోవడానికి బండల మీదికి, దారుల మీదికి వస్తాయి. తొమ్మిదికి ముందు పిల్లలను వదలవద్దని నేననేది అందుకే. అందరికీ బూట్లు, పొడవు ప్యాంట్లు. రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకూడదు, రాయి ఎత్తకూడదు. తేళ్ళ భయమూ అక్కడే. నేను మొదలుపెట్టే ముందు పొద్దున్నే ఇద్దరితో కలిసి ప్రతి కంట్రోల్ దగ్గరకూ చప్పుడు చేస్తూ వెళ్ళి చూసి వస్తాను. ఒకవేళ కాటు పడితే గట్టిగా కట్లు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఆ మందు దగ్గరలో ఎక్కడుందో వారం ముందే కనుక్కుని పెట్టుకోండి. తేనెటీగలు లేస్తే చేతులు ఆడించకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తడమే మార్గం. పొగ, కేకలు, ఘాటైన సెంటు వాటిని రెచ్చగొడతాయి. దురదగొండి కాయలు కూడా ఈ చలికాలంలోనే ముదురుతాయి. కంచెల మీద అల్లుకుని ఉంటే ఆ పక్కకు దారి పెట్టకండి.

ప్రతి పిల్లకూ ఒక ఈల ఇవ్వండి. దారి తప్పితే ఉన్నచోటే నిలబడి ఆరుసార్లు ఊదాలి, నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి. ఎటూ తోచకపోతే ఏ దిక్కుకు నడిస్తే గోడ వస్తుందో, గోడ వెంబడి ఏ వైపు వస్తే గేటు వస్తుందో పటం మీద పెద్ద అక్షరాలతో రాయండి. బయలుదేరిన ప్రతి జట్టు పేరూ, తల లెక్కతో సహా, పుస్తకంలో రాసుకోవాలి, తిరిగి రాగానే కొట్టేయాలి. ఆట మధ్యలో మానేసి ఇంటికి వెళ్ళేవాళ్ళు కూడా ఈ పుస్తకం దగ్గరకు వచ్చి చెప్పే వెళ్ళాలి. ఒకసారి అలా చెప్పకుండా వెళ్ళిన కుటుంబం కోసం మేం రెండు గంటలు అడవి గాలించాం. వాళ్ళు ఇంట్లో భోజనం చేస్తున్నారు.

ఖర్చు మీరు భయపడేంత ఉండదు. పటాలకు రంగు ముద్రణ అన్నిటికన్నా పెద్ద పద్దు. లేజర్ ముద్రణే చేయించండి. ఇంక్‌జెట్ రంగు మంచు తడికి, పిల్లల చెమట చేతులకు కారిపోతుంది. తర్వాత జెండాల గుడ్డ, కుట్టుకూలి, ఈలలు, క్రేయాన్లు. జట్టు కంట్రోల్‌కు చేరినట్టు నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరాలు మొదటిసారికి అనవసరం. కేకు, టీ ఎలాగూ మీ సంఘంలో ఎవరో ఒకరు తెస్తారు.

పటం నలభైకి బదులు యాభై ముద్రించండి. చిత్తు ప్రతి మొదట పార్కు కాపలాదారు చేతిలో పెట్టి, అరగంట ఆయన పక్కన కూర్చోండి. వేలితో దారి వెంబడి జరుపుకుంటూ వచ్చి ఎక్కడో ఒకచోట ఆగి, “ఇక్కడ చింతచెట్టు వేయలేదేం” అంటారు. వెళ్ళి చూడండి, అది ఉంటుంది. పన్నెండో కంట్రోల్ అక్కడ పెట్టండి.